పండగ వెళ్లాక చూద్దామంటే

ఇచ్ఛాపురం మండలం డొంకూరు నుంచి కిందికి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు దాకా సాగే ఉద్దానం తీరంలో ఆశ్వయుజ కార్తీకాలు ఊపిరాడనివ్వని నెలలు. దసరా, దీపావళి, నాగులచవితి, కార్తీక సోమవారాలు వరసకట్టి వస్తాయి. వరి పొట్టమీద ఉంటుంది, సముద్రంలో వేట జోరుమీద ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టేదీ అప్పుడే, ఇంటింటా జ్వరాలు తిరిగేదీ అప్పుడే. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ చికిత్స నడుస్తుంటే ఈ సందడిలో ఎవరో ఒకరి నోట ‘పండగ వెళ్లాక చూద్దాం’ అనే మాట వస్తుంది. అందులో ప్రేమే తప్ప నిర్లక్ష్యం ఉండదు. నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే మనిషి తేరుకుంటుందని, పిల్లలూ మనవలూ వచ్చే వేళ ఆసుపత్రి మంచం మీద ఉండకూడదని ఆశ. కానీ కొన్ని క్యాన్సర్లలో, ముఖ్యంగా ఈ తీరాన్ని తరాలుగా వేధించిన నోటి క్యాన్సర్లో, ఆ నాలుగు రోజులు కూడా మందులో భాగమే. మోతాదు ఎంతన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అది ఎన్ని రోజుల్లో పూర్తవుతుందన్నది చాలావరకు ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది. శరదృతువులో క్యాన్సర్ ఉన్న కుటుంబం చేయగలిగిన పెద్ద వైద్యం చికిత్స తేదీలను కాపాడుకోవడమేనని నా వాదన. దీనికి గట్టి ఆధారాలున్నాయి. న్యాయమైన అభ్యంతరాలూ ఉన్నాయి.

ముందు ఈ తీరపు నోటి క్యాన్సర్ సంగతి. చుట్టను నిప్పున్న కొస నోట్లో ఉండేలా పెట్టుకుని కాల్చడాన్ని ఇక్కడ అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి ఆరదని, నుసి చీర మీదా ఒళ్లోని పిల్ల మీదా రాలదని, చేతులు పనిలో ఉన్నా చుట్ట నోట్లో నిలుస్తుందని ఆడవాళ్లు కారణాలు చెబుతారు. నిప్పు సెగ, పొగలోని విషాలు నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే మిగతా దేశంలో బుగ్గకూ నాలుకకూ ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇక్కడ అంగిలికి వచ్చింది. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న ముడిని 1957 నాటికే మన వైద్యులు రాసిపెట్టారు. 1971లో డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారని ప్రకటించింది. వారిలో ఆడవాళ్లే ఎక్కువ. తర్వాత అదే బృందం శ్రీకాకుళంతో కలిపి దేశంలో మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లతో ఏళ్ల తరబడి మాట్లాడుతూ, ఓపిగ్గా చెబితే పల్లె మనిషి కూడా ఈ అలవాటు మానగలడని, మానినవారిలో నోటి మచ్చలు తగ్గుతాయని చూపించింది. ఇప్పుడు అడ్డపొగ చాలా తగ్గింది కానీ, ఆ తరం అవ్వలు ఇంకా మనమధ్యే ఉన్నారు. ఒక చిన్న హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. చికిత్స మొదలయ్యాక ‘ఇంకేం మిగిలింది, తాగనీ’ అని చుట్ట చేతికివ్వడం దయ కాదు. 1993లో కెనడాలో జరిగిన ఒక పరిశోధనలో తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటూ పొగ తాగినవారిలో 45 శాతం మందికి గడ్డ పూర్తిగా కరిగితే, మానినవారిలో 74 శాతం మందికి కరిగింది.

నోటి క్యాన్సర్‌కు మామూలుగా ముందు ఆపరేషన్, ఆ తర్వాత అవసరాన్ని బట్టి రేడియోథెరపీ. జనం దీన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల్లోపు కరెంటు మొదలవ్వాలని వైద్యులు కోరుకుంటారు. మొత్తం 60 నుంచి 70 గ్రే (వికిరణాన్ని కొలిచే ప్రమాణం) వికిరణాన్ని ఒక్కసారి ఇస్తే మనిషి తట్టుకోలేడు కనుక, రోజుకు 2 గ్రే చొప్పున వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలపాటు ఇస్తారు. ఇలా విడగొట్టడంలో ఒక కిటుకుంది. ప్రతి మోతాదుకూ ఆరోగ్యమైన కణాలూ క్యాన్సర్ కణాలూ రెండూ దెబ్బతింటాయి. కానీ ఆరోగ్యమైనవి మర్నాటికి ఎక్కువ బాగుచేసుకుంటాయి, క్యాన్సర్‌వి తక్కువ. రోజురోజుకూ ఆ తేడా పోగుపడి గడ్డ చస్తుంది, చుట్టూ ఉన్న కండ మిగులుతుంది. చిక్కు నాలుగో వారం ప్రాంతంలో వస్తుంది. అప్పటికి చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు, పక్కవి పోయి జాగా, రక్తం ఎక్కువ దొరకడంతో మునుపటికన్నా వేగంగా విభజన చెందడం మొదలుపెడతాయి. సగం కలుపు తీసి వారం ఆగిన మడిలో ఏం జరుగుతుందో ఉద్దానం రైతుకు చెప్పనక్కర్లేదు. కనుక మొదటి వారంలో పోయిన రోజుకన్నా ఐదో వారంలో పోయిన రోజు ఖరీదెక్కువ. ఇంట్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. మొదట్లో భయంతో ఒక్క రోజూ వదలరు, ‘ఇంకెంత, అయిపోవచ్చింది’ అనుకునే చివరి వారాల్లోనే పట్టు సడలుతుంది.

ఈ సంగతిని 1988లో అమెరికాలో విదర్స్, టేలర్, మాచీయెవ్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు లెక్కగట్టారు. తల, మెడ క్యాన్సర్లలో సుమారు నాలుగు వారాల తర్వాత చికిత్స సాగే ప్రతి అదనపు రోజుకూ, అదే ఫలితం రాబట్టడానికి దాదాపు 0.6 గ్రే అదనంగా కావాలని తేల్చారు. రోజువారీ మోతాదు 2 గ్రే కనుక, మూడు రోజులు ఆలస్యమైతే దాదాపు ఒక రోజు కరెంటు వృథా అయినట్టే. తర్వాతి పరిశోధనలు దీన్నే మరోలా చెప్పాయి. ఒక్కో రోజు జాప్యానికి గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ తగ్గుతుందట. ఇవన్నీ పాత కేసులు తిరగేసి వేసిన లెక్కలు, జాప్యం జరిగినవాళ్లు ముందే బలహీనులై ఉండొచ్చుకదా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. దానికి జవాబు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపి, 2010లో ఫలితాలు వెలువరించిన ప్రయోగంలో ఉంది. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా వంటి ప్రాంతాల్లోని తొమ్మిది ఆసుపత్రుల్లో 908 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. మొత్తం మోతాదు అందరికీ ఒకటే. ఒక గుంపుకు వారానికి ఐదుసార్లు, రెండో గుంపుకు ఆరుసార్లు ఇచ్చారు. మొదటివారికి దాదాపు 47 రోజులు, రెండోవారికి 40 రోజులు పట్టింది. ఐదేళ్ల తర్వాత గడ్డ తిరగబెట్టనివారు మొదటి గుంపులో 30 శాతం, రెండో గుంపులో 42 శాతం. మందు మారలేదు, మోతాదు పెరగలేదు, మారిందల్లా ఒక్క వారం. ఆ ప్రయోగంలో కలిసొచ్చిన వారమే పండక్కి ఇంటికెళ్లి తిరిగొచ్చేలోపు పోయే వారం.

పండగకన్నా పెద్ద అడ్డంకి తుఫాను. ఉద్దానం ఇటీవలి చరిత్రలో మూడు అక్టోబర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ రోజు దుర్గాష్టమి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదే పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, నవరాత్రులు మొదలైన మర్నాడే, తిత్లీ పలాస తీరం దాటింది. దాని గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి, రోడ్లు మూసుకుపోయాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పైలిన్, తిత్లీ రోగి ఇంటివైపు దారి తెంపితే, హుద్‌హుద్ ఆసుపత్రులున్న నగరాన్నే పడగొట్టింది. తుఫాను వల్ల చికిత్స ఆగితే ప్రాణాల మీదికి వస్తుందా అన్నదానికి అమెరికాలో కొలత దొరికింది. పెనుతుఫాన్ల ప్రకటనలు వెలువడిన సమయంలో రేడియేషన్ తీసుకుంటున్న 1,934 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను, అంతేమంది తుఫాను బెడద లేని రోగులతో పోల్చి 2019లో ఫలితాలు వెలువరించారు. తుఫానులో చిక్కుకున్నవారి చికిత్స సగటున 67 రోజులు, మిగతావారిది 46 రోజులు సాగింది. మొదటివారిలో మరణాల ప్రమాదం 19 శాతం ఎక్కువగా కనిపించింది. రోడ్లు, విద్యుత్తు, ఇన్సూరెన్సు అన్నీ ఉన్న దేశంలో సంగతి ఇది.

అన్ని క్యాన్సర్లూ ఇంత పట్టుదలగా ఉండవు. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే కరెంటులో రెండు రోజులకు మించి జాప్యం రానివ్వకూడదని బ్రిటన్ రేడియాలజిస్టుల కళాశాల మార్గదర్శకాలు చెబుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాతి కరెంటుకు అంత ఇరుకు లేదు. పైగా 15 రోజుల కరెంటు బదులు వారంలో ఐదే మోతాదులు చాలునని 2020లో బ్రిటన్‌లోనే ఒక పెద్ద ప్రయోగం చూపింది. కనుక ప్రతి ఇంటినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం తప్పు. మీ మనిషిది ఏ రకం, ఒక్క రోజు పోతే ఎంత నష్టం అని అడిగి తెలుసుకోవడం ఇంటివాళ్ల హక్కు. ఆపరేషన్ తేదీకీ ఇదే వర్తిస్తుంది. మహాలయ పక్షాల్లో కొత్త పని మొదలెట్టకూడదని, విజయదశమి దాటాక మంచిరోజు చూసి చేరదామని వాయిదా వేస్తే మూడు నాలుగు వారాలు ఇట్టే గడిచిపోతాయి. 2020లో అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ప్రకారం ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణ ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది శాతం పెరుగుతుంది. మంచిరోజు పట్టింపు ఉన్నవాళ్లు డాక్టరిచ్చిన రెండు మూడు తేదీల్లో ఒకటి ఎంచుకుంటే ఇబ్బందే లేదు.

ఉద్దానానికి మరో ప్రత్యేకత ఉంది, అది మూత్రపిండాల జబ్బు. కారణం నేటికీ తేలని ఈ వ్యాధి ఇక్కడి పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఉన్నట్టు సర్వేలు చెప్పాయి. క్యాన్సర్‌తో దీనికేం పని అనిపించవచ్చు. నోటి, గొంతు క్యాన్సర్లలో కరెంటుకు తోడుగా ఇచ్చే ప్రధాన కీమో మందు సిస్‌ప్లాటిన్. అది శరీరం నుంచి బయటికి వెళ్లే దారి మూత్రపిండాలే, అది దెబ్బతీసేదీ వాటినే. కిడ్నీ బలం బాగా తగ్గినవారికి దాన్ని ఇవ్వరు, మధ్యలో, రక్తపరీక్షలో కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ పెరిగినా ఆపేస్తారు. అంటే ఉద్దానం రోగికి తేదీ తప్పే ప్రమాదం మిగతా జిల్లాల రోగికన్నా ఒక మెట్టు ఎక్కువ. ఇంకో తిరకాసు ఏమిటంటే, క్రియాటినిన్ కండ నుంచి వచ్చేది. కండ కరిగిన సన్నటి ముసలావిడలో అది ‘నార్మల్’గా కనిపించినా కిడ్నీ సగం పోయి ఉండవచ్చు. రిపోర్టులో అంకెతోపాటు వయసు, బరువు కలిపి కట్టే లెక్క అడగాలి. సిస్‌ప్లాటిన్ పనికిరాదన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. అలాంటి రోగుల మీదే ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు చేసి 2023లో వెలువరించిన ప్రయోగంలో, కరెంటుకు డోసిటాక్సెల్ జోడిస్తే రెండేళ్లు బతికినవారు సుమారు 42 నుంచి 51 శాతానికి పెరిగారు. ఉద్దానం కోసమే చేశారా అనిపించే ప్రయోగం అది.

ఇక్కడే కొబ్బరినీళ్ల సంగతి తేల్చుకోవాలి. కీమో అయి వచ్చిన మనిషిని చూడటానికి పండగ పూట వచ్చే చుట్టాలు ఉద్దానంలో వట్టి చేతుల్తో రారు, బొండాల గెల వస్తుంది. వేడి చేసింది, చలవ చేస్తుంది, తాగించండి అంటారు. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు సుమారు 200 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. వాంతులతో నీరసించిన, కిడ్నీ బాగున్న మనిషికి అది మేలే. సిస్‌ప్లాటిన్ కొందరిలో పొటాషియాన్ని తగ్గిస్తుంది కూడా. కానీ కిడ్నీ చెడినవారి రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. అదే బొండం ఒకరికి మందు, పక్కింటివారికి ముప్పు. ఏది అన్నది చుట్టాలు కాదు, ఆ వారం రక్తపరీక్ష చెప్పాలి. అంతకన్నా ప్రమాదమైనది నొప్పి సూది. ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గర దవడ నొప్పికో వెన్ను నొప్పికో వేసే డైక్లోఫెనాక్ సూది ఒక్క పూట హాయినిస్తుంది, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి మాత్రం గట్టి దెబ్బ తీస్తుంది. క్రియాటినిన్ ఒక్కసారిగా ఎగబాకి, వచ్చే వారం కీమో ఆగిపోతుంది. నొప్పిని భరించమని దీని అర్థం కాదు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వంటి మందులు క్యాన్సర్ ఆసుపత్రుల్లో రాసిస్తారు, కిడ్నీ స్థితిని బట్టి మందు, మోతాదు మారుస్తారు.

తుఫాను లేకుండానే తేదీలు తప్పించేది తిండి. కరెంటు మొదలైన రెండు మూడు వారాలకు నోరంతా పుండై, మంచినీళ్లు కూడా మండుతాయి. పులుసూ కారమూ దగ్గరికి రానివ్వదు. బరువు తగ్గుతుంది. కరెంటు వేళ తల కదలకుండా ముఖానికి కొలిచి చేసిన ప్లాస్టిక్ మాస్కు వదులవుతుంది, అప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ ప్లాన్, మళ్లీ ఆలస్యం. కనుక పలచగా కాచిన చోడి అంబలి, మెత్తగా ఉడికించి ముల్లు తీసిన చేప, గుడ్డు, పెరుగు గంటగంటకూ కొంచెం కొంచెంగా పట్టించడం చికిత్సలో భాగమే. సరిగ్గా అప్పుడే కార్తీకం వస్తుంది. చాలా ఇళ్లలో నెలంతా నీసు వండరు. ఒకరి కోసం వేరే పొయ్యి, వేరే గిన్నె అంటే రోగే మొహమాటపడి వద్దంటుంది. పథ్యం పేరుతో చేప, గుడ్డు, వంకాయ, పెరుగు ఒక్కోటీ తీసేసేవాళ్లూ ఉన్నారు. క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషికి కిలో బరువుకు రోజూ ఒక గ్రాముకు పైగా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలని పోషకాహార నిపుణుల మాట. కిడ్నీ జబ్బువాళ్లకు మాంసకృత్తులు తగ్గించమని చెబుతారే అన్నది ఇక్కడ గట్టి అభ్యంతరం. నిజమే, డయాలసిస్ దాకా రానివారికి కిలోకు 0.8 గ్రాములకు లోపే అంటారు. రెండు జబ్బులూ ఉన్న మనిషికి ఏది ముందు అన్నది క్యాన్సర్ డాక్టరూ కిడ్నీ డాక్టరూ కలిసి చెప్పవలసిన మాట. రెండు చీటీలు రెండు సంచుల్లో పెట్టుకుని తిరిగితే ఆ మాట ఎప్పటికీ రాదు. ఒకరి చీటీ రెండోవారికి చూపించడం ఇంటివాళ్ల పని.

శరత్కాలపు జ్వరాలు మరో ఉచ్చు. వానలు వెనకబట్టి దోమలు రేగే ఈ నెలల్లో మలేరియా, డెంగీ, వైరల్ జ్వరాలు ఊరంతా ఉంటాయి. కీమో తీసుకున్న మనిషికి ఒళ్లు వేడెక్కితే ‘సీజను జ్వరమేలే, అందరికీ ఉంది’ అని బిళ్ల వేసి పడుకోబెట్టడం సహజం. మూడు వారాలకోసారి ఇచ్చే చాలా కీమోల్లో, మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య రక్తంలోని తెల్లకణాలు అట్టడుగుకు పడిపోతాయి. అప్పుడు మామూలు సూక్ష్మజీవి కూడా గంటల్లో రక్తాన్ని విషపూరితం చేయగలదు. చీము పట్టడానికీ దగ్గు రావడానికీ కావలసిన తెల్లకణాలే లేవు కనుక పైకి జ్వరం తప్ప ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటితే అది రాత్రయినా పండగైనా ఆసుపత్రికి బయల్దేరవలసిన వేళ. అక్కడ చేరిన గంటలోపు యాంటీబయోటిక్ ఎక్కించాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. కీమో తేదీ రాసిన చీటీ చూపించి ‘ఇవాళ తొమ్మిదో రోజు’ అని మొదటే చెప్పగలిగితే, దగ్గరి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు సగం పని అయిపోయినట్టే.

ఇంతకీ ఈ లెక్కలన్నీ చెప్పి పండగ లేకుండా చేస్తున్నారే, రోగికి మనసుండదా అని అడగవచ్చు. మనసుకు విలువ లేదని ఎవరూ అనరు. కానీ పండగా తేదీలూ ఎప్పుడూ ఢీకొంటాయన్న ఊహే సరైంది కాదు. తెల్లకణాలు పడిపోయేది రెండో వారంలో అయితే మూడో వారానికి అవి తిరిగి లేస్తాయి. కీమో తేదీ ముందే తెలుసు, దీపావళి ఏ రోజో పంచాంగం చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గుడికి వెళ్లగలిగే రోజు ఏది, మనవలు దగ్గర కూర్చోగల రోజు ఏది, ఎవరినీ రానివ్వకూడని రోజులు ఏవి అన్నది తేలిపోతుంది. కరెంటుకు శని, ఆదివారాలు ఎలాగూ సెలవు. పైగా రేడియోథెరపీ విభాగాలే దసరాకు మూసేదీ ఉంది. అలా పోయిన రోజును తర్వాతి శనివారం ఇచ్చో, ఒకే రోజు ఆరు గంటల ఎడంతో రెండు మోతాదులు ఇచ్చో సర్దుతారు. ‘పోయిన రోజు ఎప్పుడు ఇస్తారు’ అని అడిగే ఇంటివాళ్లను ఏ మంచి విభాగమూ విసుక్కోదు.

మరో అభ్యంతరం ఇంకా లోతైంది. నయం కాదని తేలిన మనిషికి ఇది ఆఖరి దసరా కావచ్చు, అప్పుడూ తేదీల వెంట పరిగెత్తాలా? అక్కర్లేదు. నా వాదన అక్కడికి రాదు. పైన చెప్పిన లెక్కలన్నీ నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే చికిత్సకు సంబంధించినవి. ఉపశమనమే లక్ష్యమైనప్పుడు కీమో మధ్యలో కొన్ని వారాలు విరామం ఇవ్వడం డాక్టర్లే చేసే పని, పండక్కోసం అడగడంలో తప్పేమీ లేదు. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి పది రోజుల కరెంటు ఎంత హాయినిస్తుందో ఒకే రోజు ఇచ్చే 8 గ్రే మోతాదు కూడా అంతే ఇస్తుందని ఎన్నో ప్రయోగాలు తేల్చాయి. కొందరికి మరోసారి ఇవ్వాల్సి రావడం ఒక్కటే తేడా. డొంకూరు నుంచి విశాఖకు పదిసార్లు తిరగడానికీ ఒక్కసారి వెళ్లి రావడానికీ ఉన్న తేడా ఆ మంచం మీద ఉన్నవారికి తెలుస్తుంది. అందుకని ఏ కుటుంబమైనా అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఈ చికిత్స నయం చేయడానికా, నొప్పి తగ్గించడానికా’ అన్నది. ఈ ప్రశ్న రోగి ముందు అడగడానికి మనవాళ్లు జంకుతారు, డాక్టర్లు నసుగుతారు. జవాబు తెలియకపోతే మాత్రం మానకూడని చోట మానడం, పరిగెత్తనక్కర్లేని చోట పరిగెత్తడం రెండూ జరుగుతాయి.

భారమంతా ఇంటి మీద వేస్తున్నారన్న మాటే అన్నిటికన్నా బలమైంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి 200 కిలోమీటర్ల పైనే. బరంపురం దగ్గరే కానీ రాష్ట్రం వేరు. ఆరోగ్య పథకం చికిత్స ఖర్చు భరిస్తుంది, ఏడు వారాల గది అద్దె, తోడున్నవారి కూలి భరించదు. రైల్వే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ పూర్తిగా మినహాయిస్తుంది, తోడు వచ్చేవారికీ రాయితీ ఉంది, అయినా ముప్పై, ముప్పై ఐదు రోజులు ఎవరు తిరగగలరు? వేటకు ఆగస్టులోనే గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన మగవాళ్లు సీజను ముగిసేదాకా రారు కనుక ఆ తోడు సాధారణంగా ఒక కోడలో కూతురో, ఆమె వెంట బడి మానిన పిల్లలు. ఇలాంటి ఇంటికి తేదీ తప్పితే ‘బాధ్యత లేదు’ అనడం అన్యాయం. రేడియేషన్ యంత్రం ఇంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మందికి చికిత్స పూర్తవుతుంది, దాన్ని దగ్గరికి తేవలసింది ప్రభుత్వం. కాకపోతే యంత్రం వచ్చేదాకా గడ్డ ఆగదు.

ఆలోగా ప్రభుత్వం పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. తుఫాను చెప్పాపెట్టకుండా రాదు. వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. నెలలు నిండిన గర్భిణులను ఆ వ్యవధిలో ఆసుపత్రులకు తరలించడం ఈ రాష్ట్రంలో అలవాటైన పని, ఆశా కార్యకర్తల దగ్గర వాళ్ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలోనే కరెంటు నడుస్తున్నవారు, కీమో అయి పద్నాలుగు రోజులు దాటనివారు, మార్ఫిన్ మీద ఉన్నవారు అని మూడు గళ్లు చేర్చితే చాలు. మొదటివారిని తొలి సూచనకే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపాలి. తుఫాను హుద్‌హుద్‌లా ఆ ఊరి వైపే తిరిగితే వేరే ఆసుపత్రిలో కొనసాగించడానికి మోతాదుల కాగితం ఇచ్చి పంపాలి. రెండోవారిని జనం కిక్కిరిసే తుఫాను షెల్టర్‌లో కాక విద్యుత్తు, రక్తపరీక్ష ఉన్న ఆసుపత్రిలో ఉంచాలి. మూడోవారికి రెండు వారాల మందు ముందే చేతికివ్వాలి. డొంకూరు లాంటి ఊళ్లో ఆ మూడు గళ్లలోకి వచ్చే పేర్లు చేతి వేళ్లకు మించవు.